ఆందోళనకు మందులు వాడుతూ సీబీటీ కూడా తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. ఆందోళన తీవ్రంగా ఉన్నప్పుడు, లేదా ఒక్క చికిత్సతో తగినంత గుణం కనిపించనప్పుడు, మందులనూ సీబీటీ అని పిలిచే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీనీ వైద్యులు కలిపి సూచించడం మామూలే.

రెండూ చేసే పని వేరు. మెదడులోని సెరోటోనిన్ అనే రసాయనంపై పనిచేసే, సెర్ట్రలిన్ వంటి ఎస్ఎస్ఆర్ఐ మందులు సాధారణంగా 2 నుంచి 6 వారాల్లో గుండెదడ, ఎడతెగని కంగారు వంటి లక్షణాల తీవ్రతను తగ్గిస్తాయి. సీబీటీ మాత్రం భయం పుట్టించే ఆలోచనల్లో నిజమెంతో పరీక్షించుకోవడాన్ని, తప్పించుకు తిరిగే అలవాటును మానుకోవడాన్ని నేర్పుతుంది. ఉదాహరణకు, లిఫ్టులో ఊపిరాడదేమోనన్న భయంతో రోజూ ఐదంతస్తులు మెట్లెక్కే వ్యక్తికి మందుతో కంగారు కాస్త అదుపులోకి వస్తే, ముందు తలుపు తెరిచి ఉన్న లిఫ్టులో నిలబడటం, తర్వాత ఒక్క అంతస్తు వెళ్లడం సాధ్యమవుతుంది. దడ పుట్టినా అది దానంతటదే తగ్గుతుందని అప్పుడు అనుభవంలో తెలుస్తుంది. ఈ పాఠం ఏ మాత్రా నేర్పలేదు.

మందు వేసుకుంటే థెరపీ పనిచేయదన్నది చాలామందిలో ఉన్న అపోహ. మందు థెరపీకి అడ్డు రావచ్చన్న జాగ్రత్త ముఖ్యంగా కంగారును త్వరగా తగ్గించే బెంజోడయాజెపైన్లు అనే మాత్రలకు సంబంధించినది, ఎందుకంటే భయం పుట్టగానే వాటిని వేసుకునేవారికి తమను గట్టెక్కించింది మాత్రేనన్న నమ్మకం బలపడుతుంది. రోజూ వాడే ఎస్ఎస్ఆర్ఐలకు ఇది అంతగా వర్తించదు. అయితే కుదుటపడ్డామని వాటిని ఒక్కసారిగా ఆపేయకూడదు, వైద్యుల పర్యవేక్షణలో మోతాదును క్రమంగా తగ్గించుకోవాలి.