క్వెరీ లైబ్రరీ మార్చాలా, ప్రాక్సీ పెట్టాలా: సింధుకు ఉత్తరం

చి. సింధుకు,

బాబాయి ఆశీస్సులు. మీ టీమ్‌లో పేచీ ఎక్కడొచ్చిందో నీ మెసేజ్ చదివాక అర్థమైంది. పైథాన్‌లో క్వెరీలు రాసే ఎస్‌క్యూఎల్ ఆల్కెమీ లైబ్రరీని తీసేద్దామని కొందరు, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ముందు పీజీబౌన్సర్ అనే ప్రాక్సీ (కనెక్షన్లను పంచిపెట్టే మధ్యవర్తి) పెడితే చాలని కొందరు. ఈ రెండూ ఒకదానికొకటి పోటీ కావమ్మా. ఏ క్వెరీ పంపాలో లైబ్రరీ తేలుస్తుంది. అది ఏ కనెక్షన్ మీద వెళ్లాలో ప్రాక్సీ తేలుస్తుంది. మీ ఇబ్బంది ఎటువైపు ఉందో చూసుకోకుండా ఏది మార్చినా శ్రమ దండగ.

ముందు పోస్ట్‌గ్రెస్‌లో క్వెరీల లెక్కలు చూపే పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్ తెరిచి, కాల్స్ కాలమ్ ఎక్కువ నుంచి తక్కువకు సార్ట్ చెయ్యి. అందరూ సగటు టైమ్ చూస్తారు, నువ్వు ఎన్నిసార్లు నడిచిందో చూడు. మిల్లీసెకను కూడా పట్టని క్వెరీ లక్షలసార్లు నడిచిందంటే చాలావరకు అది ఎన్ ప్లస్ వన్ గొడవే. ఆర్డర్ల పేజీకి 50 ఆర్డర్లు తెచ్చి, లూప్‌లో ఒక్కోదానికీ కస్టమర్ పేరు అడిగితే 51 క్వెరీలు పోతాయి. అక్కడ సెలెక్టిన్‌లోడ్ పెడితే కస్టమర్లందరినీ ఒకేసారి తెస్తుంది, కాబట్టి రెండే. ప్రాక్సీ పెడితే మాత్రం ఆ 51 క్వెరీలూ అలాగే డేటాబేస్‌కి చేరతాయి, దారిలో ఇంకో మజిలీ అదనం.

దీనికోసం లైబ్రరీ మార్చక్కర్లేదు. ఎస్‌క్యూఎల్ ఆల్కెమీలోనే, టేబుల్ వరసల్ని పైథాన్ ఆబ్జెక్టులుగా చూపే ఓఆర్ఎమ్‌తో పాటు, దాదాపు ఎస్‌క్యూఎల్‌లాగే రాసుకునే కోర్ ఉంది. మామూలు సేవ్, అప్‌డేట్ పనులు ఓఆర్ఎమ్‌తో కానిచ్చి, పెద్ద రిపోర్టులు కోర్‌లో రాసుకోండి. గో సర్వీసు రాస్తున్న మీ పక్క టీమ్‌కి అయితే ఎస్‌క్యూఎల్‌సీ చూడమంటాను. నువ్వు రాసిన ఎస్‌క్యూఎల్ నుంచే అది గో కోడ్ తయారుచేస్తుంది, కాబట్టి డేటాబేస్‌కి ఏం వెళ్తుందో కళ్లెదుటే ఉంటుంది. జావాలో జూక్ లైబ్రరీ నాకు ఇష్టం, అది టేబుళ్ల స్కీమా నుంచి కోడ్ తయారుచేస్తుంది. స్కీమాలో కాలమ్ పేరు మారాక కోడ్ మళ్లీ జనరేట్ చేస్తే, పాత పేరు వాడిన చోటల్లా కంపైల్ ఆగిపోతుంది. రాత్రి ప్రొడక్షన్‌లో తెలియడం కంటే అది ఎంతో నయం.

ఇక కనెక్షన్ల లెక్క. పోస్ట్‌గ్రెస్ ఒక్కో కనెక్షన్‌కీ ఒక్కో ప్రాసెస్ పుట్టిస్తుంది. మాక్స్ కనెక్షన్స్ డిఫాల్ట్ 100, అందులో 3 సూపర్‌యూజర్‌కి పక్కన పెడుతుంది. ఎస్‌క్యూఎల్ ఆల్కెమీ పూల్, అంటే తెరిచి ఉంచుకునే కనెక్షన్లు, డిఫాల్ట్ 5, రద్దీలో పైన ఓవర్‌ఫ్లో 10. అంటే మీ యాప్ నడిపే ఒక్కో వర్కర్ ప్రాసెస్ 15 దాకా తెరవగలదు. 8 వర్కర్లుంటే 120. కొత్త వెర్షన్ డిప్లాయ్ చేసేటప్పుడు పాతవీ కొత్తవీ కాసేపు కలిసి నడుస్తాయని మర్చిపోకు. ఈ లెక్క వేశాక కూడా కనెక్షన్లు చాలవని తేలితే, అప్పుడు పీజీబౌన్సర్ పెట్టుకోండి.

పెట్టాక అసలు లాభమంతా ట్రాన్సాక్షన్ మోడ్‌లోనే ఉంది, చిక్కులూ అక్కడే. ట్రాన్సాక్షన్ అవ్వగానే నీ సర్వర్ కనెక్షన్ ఇంకొకరికి వెళ్లిపోతుంది. మీరు టెనెంట్ (ఒక్కో కస్టమర్) మార్చడానికి సెర్చ్ పాత్‌ని, అంటే టేబుళ్లు ఏ స్కీమాలో వెతకాలో చెప్పే సెట్టింగ్‌ని, ఉత్త సెట్‌తో మారుస్తున్నారన్నావు కదా, అది నాకు భయంగా ఉంది. ఆ సెట్టింగ్ కనెక్షన్ మీద అలాగే ఉండిపోతుంది, తర్వాత వచ్చిన రిక్వెస్ట్ వేరే కస్టమర్ టేబుళ్లు చదివేస్తుంది. ఎర్రర్ కూడా రాదు. ప్రతి ట్రాన్సాక్షన్ లోపల సెట్ లోకల్ వాడండి, అది ఆ ట్రాన్సాక్షన్‌తోనే పోతుంది. ఇది చెయ్యకుండా ప్రాక్సీ మాటే ఎత్తకండి. కనెక్షన్‌ని అంటిపెట్టుకుని ఉండే సెషన్ అడ్వైజరీ లాక్‌లూ, నోటిఫికేషన్ల కోసం ఎదురుచూసే లిజన్ కూడా ఆ మోడ్‌లో నమ్మదగ్గవి కావు.

ఇంకోటి, పైథాన్‌ని పోస్ట్‌గ్రెస్‌తో కలిపే సైకోపీజీ 3 డ్రైవర్ ఒకే క్వెరీ ఒక కనెక్షన్ మీద 5 సార్లు దాటి నడిస్తే దాన్ని తనంతట తనే ప్రిపేర్ చేస్తుంది, అంటే సర్వర్‌లో ఆ కనెక్షన్ మీదే సిద్ధం చేసి పెడుతుంది. ల్యాప్‌టాప్‌లో ప్రాక్సీ ఉండదు కాబట్టి అంతా బాగానే ఉంటుంది. ప్రొడక్షన్‌లో కాసేపయ్యాక ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ లేదంటూ ఎర్రర్లు మొదలవుతాయి, అదీ అప్పుడొకటి ఇప్పుడొకటి. పీజీబౌన్సర్ 1.21 నుంచి ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లకు సపోర్ట్ వచ్చింది కానీ, మొదట్లో టెన్షన్ లేకుండా ఉండాలంటే డ్రైవర్‌లో ప్రిపేర్ థ్రెషోల్డ్‌ని నన్ (None) అని పెట్టి, ఆ ప్రిపేర్ చెయ్యడం ఆపేయండి. ప్రొడక్షన్‌కి ముందు పరీక్షించే స్టేజింగ్‌లోనూ ప్రాక్సీ ఉండి తీరాలి.

మైఎస్‌క్యూఎల్ వైపు ప్రాక్సీఎస్‌క్యూఎల్ ఇంకా చాలా చేస్తుంది. రీడ్లు రెప్లికాకి (డేటాబేస్ కాపీకి) పంపుతుంది, క్వెరీలు తిరగరాస్తుంది కూడా. కోడ్ మన చేతిలో లేని అప్లికేషన్లకు అది నిజంగా ఆదుకుంటుంది. కానీ రెప్లికాకి మార్పులు కాస్త ఆలస్యంగా చేరతాయి. సెలెక్ట్‌లన్నీ అక్కడికే తోసేస్తే, డబ్బు కట్టిన మనిషికి మరుక్షణం ‘పేమెంట్ పెండింగ్’ కనిపిస్తుంది, కంగారుపడి మళ్లీ కడతాడు. ఏ రీడ్ కాస్త పాతదైనా ఫర్వాలేదో కోడ్ రాసినవాళ్లే చెప్పగలరు.

ఈ వారం సెర్చ్ పాత్ సంగతి చూడండి, తర్వాత ఎన్ ప్లస్ వన్‌లు. కాల్స్‌లో పైనున్న పది క్వెరీలూ, మీ వర్కర్ల సంఖ్యా నాకు పంపు. పీజీబౌన్సర్ పూల్ ఎంత ఉండాలో అవి చూశాకే చెబుతాను.

ఇట్లు,
బాబాయి