మాస్టారి సమాధానాలు: వానలో కారు దిగిన ఛాంపియన్

*మాస్టారూ, 2023లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేస్ (కరెంటు కార్ల పోటీ) జరిగినప్పుడు నాన్నతో కలిసి వెళ్ళాను. గెలిచిన జాన్-ఎరిక్ వెర్న్ బ్యాటరీ పొదుపుగా వాడి గెలిచాడని అందరూ అన్నారు. నాన్న మాత్రం "ఇదంతా అలెన్ ప్రోస్ట్ పద్ధతి" అన్నారు. ఎవరాయన? రేస్ అంటే వేగం కదా, పొదుపు చేస్తే ఎలా గెలుస్తారు?*
*– బి.టెక్ విద్యార్థిని, నిజాంపేట*

మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పమ్మా. ఆయన చెప్పింది నిజం. ఆ ఫిబ్రవరి 11న చివరి ల్యాపుల్లో, అంటే ట్రాక్ చుట్టూ తిరిగే ఆఖరి చుట్లలో, వెర్న్ వెనకాలే నిక్ క్యాసిడీ అంటుకుని వచ్చాడు. క్యాసిడీ బ్యాటరీలో ఛార్జింగ్ ఎక్కువ ఉంది, వెర్న్ దగ్గర తక్కువ. అయినా వెర్న్ దారి ఇవ్వలేదు, ఛార్జింగ్ మధ్యలో అయిపోనూలేదు. వెర్న్ కూడా ఫ్రెంచివాడే. అతని కంటే నాలుగు దశాబ్దాల ముందు ఈ విద్యలో ఆరితేరినవాడు ప్రోస్ట్. ఆయనకి 'ప్రొఫెసర్' అని పేరు కూడా వచ్చింది.

నాకు ప్రోస్ట్ అర్థమయింది మా నాన్నగారి వల్ల. ఆయన కడప డిపోలో ఆర్టీసీ డ్రైవరు. ఆర్టీసీలో కేఎంపీఎల్ అంటారు, లీటరు డీజిల్‌కి ఎన్ని కిలోమీటర్లు వచ్చాయన్న లెక్క. అది బాగా తెచ్చిన డ్రైవర్లకి బహుమతులిస్తారు. మా నాన్నకి అది చాలాసార్లు వచ్చింది. అలాగని బస్సు లేటుగా నడిపేవారు కాదు. స్టాపు ఇంకా దూరంగా ఉండగానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసేవారు. బ్రేకు గట్టిగా తొక్కాల్సిన పనే పడేది కాదు. నేను ఆటోమొబైల్ డిప్లొమా చదివే రోజుల్లో, 1986లో, కాలేజీ లైబ్రరీలో ఒక ఇంగ్లిష్ వారపత్రికలో ప్రోస్ట్ గురించి చదువుతుంటే నా కళ్ళముందు మా నాన్నే కనిపించారు.

ప్రోస్ట్ 1955 ఫిబ్రవరి 24న ఫ్రాన్స్‌లోని లొరెట్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తల్లివైపు వాళ్ళు ఆర్మీనియా మూలాలున్నవాళ్ళు. చిన్నప్పుడు ఫుట్‌బాల్ పిచ్చి. పద్నాలుగో ఏట సెలవులకి వెళ్ళినప్పుడు గో-కార్ట్ నడిపి చూశాడు, అంతే, ఇక దాన్ని వదల్లేదు. చదువు మానేశాక ఇంజిన్లు ట్యూన్ చేసి, కార్ట్‌లు అమ్మి, ఆ డబ్బుతోనే రేసులు నడిపాడు. ఇంజిన్ మీద చెయ్యి పెట్టి నేర్చుకున్నవాడు కాబట్టే కారు ఏం అడుగుతోందో ఆయనకి తెలిసేదని నేను నమ్ముతాను. 1980లో మెక్‌లారెన్‌తో ఫార్ములా వన్‌లోకి వచ్చాడు. తర్వాతి ఏడాది రెనో టీమ్‌లో చేరి, సొంత దేశంలోనే, డిజాన్‌లో, మొదటి రేస్ గెలిచాడు. 1983లో రెండే రెండు పాయింట్ల తేడాతో ఛాంపియన్‌షిప్ పోయింది. తప్పెవరిదైనా టీమ్ ఆయన్నే పంపించేసింది. తిరిగి మెక్‌లారెన్‌కి వచ్చాడు.

ఇక నీ అసలు ప్రశ్నకి వస్తాను. 1984లో రేస్ మధ్యలో ఇంధనం నింపడం నిషేధించారు. ఒక్కో కారుకి 220 లీటర్లే. 1986కి దాన్ని 195కి తగ్గించారు. ఆనాటి టర్బో ఇంజిన్లు ఇంధనాన్ని నీళ్ళలా తాగేవి. మొదటి ల్యాపుల్లో విర్రవీగినవాడు చివర్లో రోడ్డు పక్కన నిలబడేవాడు. ప్రోస్ట్ మొదట్లో నాలుగో స్థానంలోనో, ఐదో స్థానంలోనో నింపాదిగా ఉండేవాడు. టైర్లు, బ్రేకులు, ఇంధనం మూడూ దాచుకుని, మిగతావాళ్ళ బళ్ళు నీరసించే వేళకి ముందుకొచ్చేవాడు. ఆయన చేతుల్లో స్టీరింగ్ చూడు, ఎక్కడా కుదుపు ఉండదు. ఆయన కెరీర్ మొత్తంలో పోల్ పొజిషన్లు, అంటే శనివారం అర్హత పోటీలో అందరికంటే వేగంగా నడిపి ఆదివారం రేస్ అందరికంటే ముందు నుంచి మొదలుపెట్టే అవకాశం, 33. రేస్‌లో అందరికంటే వేగమైన ల్యాప్ ఆయన తిరిగిన రేసులు 41. శనివారం నాటి వేగం కంటే ఆదివారం నాటి వేగమే ఆయనకి ముఖ్యమని ఆ రెండు అంకెలే చెబుతాయి.

ఒక్క రేసే చూడాలంటే 1986 అక్టోబర్ 26న ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో జరిగిన రేస్ చూడు. సీజన్‌లో ఆఖరిది. టైటిల్ కోసం ముగ్గురు పోటీ: విలియమ్స్ టీమ్ డ్రైవర్లు మాన్సెల్ 70 పాయింట్లు, పికే 63, వాళ్ళ మధ్యలో ప్రోస్ట్ 64. మాన్సెల్‌కి మూడో స్థానం వచ్చినా చాలు. ప్రోస్ట్ టైరు మధ్యలో పంక్చరయి, మార్చుకోవడానికి లోపలికి వచ్చి వెనకబడ్డాడు. కొత్త టైర్లు దొరికిన ఆ దురదృష్టమే చివరికి కలిసొచ్చింది. 64వ ల్యాప్‌లో మాన్సెల్ వెనక టైరు పూర్తి వేగంలో పేలిపోయింది. నిప్పురవ్వలు చిమ్ముతూ కారు అటూ ఇటూ ఊగడం ఇప్పుడు చూసినా నాకు గుండె ఆగినట్టవుతుంది. పికేకి కూడా అలాగే అవుతుందని భయపడి టీమ్ అతన్ని టైర్లు మార్చడానికి లోపలికి పిలిచింది. ప్రోస్ట్ ముందుకొచ్చాడు. కానీ ఆయన కారులో ఇంధనం మీటరు, ఇలాగే నడిపితే చివరిదాకా సరిపోదని చూపిస్తోంది. అంతకు మూడు నెలల ముందే జర్మనీలోని హాకెన్‌హైమ్‌లో చివరి ల్యాప్‌లో ఇంధనం అయిపోయి, దిగి కారుని ముగింపు గీతవైపు తోసుకుంటూ నడిచినవాడు. వేగం తగ్గిస్తే పికే వచ్చేస్తాడు. ఇన్నేళ్ళూ లెక్క తప్పని మనిషి ఆ రోజు మీటరుని పక్కన పెట్టి నడిపాడు. నాలుగు సెకన్ల తేడాతో గెలిచి, గీత దాటగానే కారు ఆపి, దిగి ట్రాక్ మీదే ఎగిరి గంతేశాడు. వరుసగా రెండో ప్రపంచ టైటిల్. ఆ ఏడాదే ఆయన సోదరుడు డేనియల్ క్యాన్సర్‌తో చనిపోయాడు. ఆ గంతు చూసినప్పుడు ఈ సంగతి కూడా గుర్తుపెట్టుకో అమ్మా.

మొత్తం నాలుగు టైటిళ్ళు: 1985, 1986, 1989, 1993. గెలుపులు 51. ఫ్రాన్స్ నుంచి ఆయన తప్ప ఇంకో ఫార్ములా వన్ ఛాంపియన్ ఇప్పటికీ లేడు. హైదరాబాద్ వచ్చిన ఫార్ములా ఈతో కూడా ఆయనకి బంధం ఉంది. 2014లో ఆ పోటీలు మొదలైనప్పుడు రెనో ఈ-డ్యామ్స్ టీమ్ నడిపినవాళ్ళలో ప్రోస్ట్ ఒకడు, కొడుకు నికోలా అందులో డ్రైవరు. మొదటి మూడు సీజన్లూ టీమ్ టైటిల్ వాళ్ళదే.

*వానంటే ప్రోస్ట్‌కి వణుకని, పిరికివాడని యూట్యూబ్‌లో చూశాను. నిజమేనా సార్?*
*– ట్యాక్సీ డ్రైవర్, తిరుపతి*

బాబూ, ఆ మాట అన్నవాళ్ళు 1982 ఆగస్టులో హాకెన్‌హైమ్‌లో ఏం జరిగిందో చెప్పారా?

అది రేస్ కూడా కాదు, ముందు రోజు ప్రాక్టీసు. జోరున వాన. ముందు పోయే కారు టైర్లు లేపే నీటి తుంపరలు తెల్లటి గోడలా నిలబడతాయి. ఆ గోడ వెనకాల ప్రోస్ట్ కారు ఉందని దిదియే పిరోనీకి కనపడలేదు. పిరోనీ కూడా ఫ్రెంచివాడే, ఆ ఏడాది పాయింట్లలో అందరికంటే ముందున్నవాడు. వెనక నుంచి గుద్దుకుని అతని ఫెరారీ ప్రోస్ట్ మీదుగా గాల్లోకి లేచి పడింది. పిరోనీ రెండు కాళ్ళూ నుజ్జయ్యాయి. అతను మళ్ళీ ఫార్ములా వన్ రేస్ నడపలేదు. ఇది కళ్ళారా చూసిన మనిషి వానకి జాగ్రత్తపడితే దాన్ని వణుకంటామా?

ఒక నిజం దాచను. వానలో ఆయన ప్రత్యర్థి, బ్రెజిల్ డ్రైవరు ఐర్టన్ సెన్నా ఆయనకంటే చాలా మెరుగు. 1993లో ఇంగ్లండ్‌లోని డానింగ్‌టన్‌లో వాన వస్తూ పోతూ ఉంటే ప్రోస్ట్ టైర్లు మార్చడానికే ఏడుసార్లు ఆగాడు, సెన్నా ఆయన్ని ఒక ల్యాప్ దాటేశాడు. అది ఓటమే.

1989 అడిలైడ్ సంగతి వేరు. నీళ్ళు నిలిచిన ట్రాక్ మీద రేస్ మొదలుపెట్టొద్దని చాలామంది డ్రైవర్లు అన్నారు. మొదలుపెట్టారు. ప్రోస్ట్ ఒక్క ల్యాప్ తిరిగి కారు లోపలికి తెచ్చి దిగిపోయాడు. రేస్ ఆపి మళ్ళీ మొదలుపెట్టినా ఎక్కలేదు. అంతకు ముందు రేస్‌లో, జపాన్‌లోని సుజుకాలో, సెన్నాతో గుద్దుకున్న గొడవ ఇంకా చల్లారలేదు. ప్రపంచమంతా చూస్తుండగా దిగాడు. ఆ రేస్‌లోనే సెన్నా అంతటివాడు తుంపర్లలో ముందున్న బ్రండిల్ కారు కనపడక దాని వెనక గుద్దాడు.

మా నాన్న కడప–తిరుపతి సర్వీసు నడిపేవారు. ఒక రాత్రి కోడూరు దాటాక కుండపోత. బస్సు పక్కకి తీసి ఇంజిన్ ఆపేశారు. లోపల నలభై మంది. "ఇంత వానకే ఆపేస్తావా డ్రైవరూ" అని గోల. ఆయన వెనక్కి తిరిగి "రోడ్డు కనపడకపోతే నా దగ్గర లైసెన్సు లేనట్టే లెక్క" అన్నారు. వాన తగ్గేదాకా కదల్లేదు. కంట్రోలరు దగ్గర మాట పడ్డారు కూడా. నువ్వూ బండి నడిపేవాడివి, ఘాట్ రోడ్డు ఎక్కేవాడివి, నీకు వేరే చెప్పాలా?

*1988లో సెన్నా కంటే ప్రోస్ట్‌కే ఎక్కువ పాయింట్లు వచ్చాయట. మరి టైటిల్ ఎందుకు పోయింది?*
*– క్విజ్ అభిమాని, విజయనగరం*

అప్పటి నియమం వల్ల. 16 రేసుల్లో బాగా వచ్చిన 11 మాత్రమే లెక్కించేవారు. మొత్తం కూడితే ప్రోస్ట్ 105, సెన్నా 94. లెక్కలోకి వచ్చినవి ప్రోస్ట్‌కి 87, సెన్నాకి 90. ఏడుసార్లు రెండో స్థానంలో వచ్చిన ప్రోస్ట్‌కి వాటిలో మూడింటి పాయింట్లు వృథా అయ్యాయి.

నన్నడిగితే 1984 ఇంకా బాధ. టీమ్‌మేట్ నికీ లౌడా 72, ప్రోస్ట్ 71.5. ఆ అర పాయింటు మొనాకోలో పోయింది. వాన వల్ల రేస్ సగం కాకముందే ఆపేసి, ముందున్న ప్రోస్ట్‌కి 9కి బదులు 4.5 ఇచ్చారు. పూర్తిగా నడిచి రెండో స్థానంలో వచ్చినా 6 వచ్చేవి, టైటిల్ ఆయనదయ్యేది. ఆపమని చెయ్యెత్తి సైగ చేసింది కూడా ఆయనే.

*ప్రోస్ట్, సెన్నా చివరిదాకా శత్రువులేనా?*
*– గృహిణి, రాజమహేంద్రవరం*

కాదమ్మా. 1989లో, 1990లో సుజుకాలో రెండుసార్లు ఒకరినొకరు గుద్దుకున్నారు, టైటిళ్ళు అక్కడే తేలిపోయాయి. మాటలు కూడా ఆగిపోయాయి. 1993 చివర్లో అడిలైడ్‌లో ప్రోస్ట్ ఆఖరి రేస్. సెన్నా గెలిచి, రెండో స్థానంలో వచ్చిన ప్రోస్ట్‌ని చెయ్యి పట్టుకుని పోడియం పైమెట్టు మీదకి లాక్కున్నాడు.

మరుసటి ఏడాది ఇమోలాలో ప్రోస్ట్ ఫ్రెంచ్ టీవీకి వ్యాఖ్యాతగా వచ్చాడు. సెన్నా ఆ టీవీ కోసం కారులోంచి ట్రాక్ గురించి మాట్లాడుతూ, మిత్రుడు అలెన్‌కి హలో చెప్పి, నువ్వు లేని లోటు తెలుస్తోందన్నాడు. 1994 మే 1న ఆ రేస్‌లోనే సెన్నా చనిపోయాడు. సావో పాలోలో శవపేటిక పట్టుకున్నవాళ్ళలో ప్రోస్ట్ ఉన్నాడు. బ్రెజిల్ పిల్లల చదువు కోసం సెన్నా అక్క వివియాన్ పెట్టిన సంస్థలో ఆ తర్వాత ట్రస్టీగా కూడా చేరాడు.