కొండ దిగేటప్పుడే మోకాలి నొప్పి... పరుగు మానేయాలా?

ప్రశ్న: నా వయసు 38. నాలుగేళ్లుగా రోడ్డు మీద వారానికి నాలుగు రోజులు పరుగెత్తుతున్నాను. 10 కిలోమీటర్ల వరకు ఏ ఇబ్బందీ లేదు. రెండు నెలలుగా చెట్ల మధ్య కొండదారుల్లో పరుగెత్తడం మొదలుపెట్టాను. ఎక్కేటప్పుడు ఆయాసమే కానీ నొప్పి ఉండదు. దిగేటప్పుడు మాత్రం మోకాలి చిప్ప చుట్టూ నొప్పి వస్తోంది. మెట్లు దిగినా, చాలాసేపు కూర్చుని లేచినా అంతే. వాపు లేదు. దీనికి తోడు మూడు వారాల క్రితం చెట్టు వేరు మీద కాలు పడి కుడి చీలమండ బెణికింది. వాపు తగ్గింది కానీ కాలికి పట్టు లేనట్టుగా ఉంది. మోకాళ్లు అరిగిపోతాయి, మానేయమని ఇంట్లో గొడవ. మూడు నెలల్లో 21 కిలోమీటర్ల కొండ పరుగు పోటీకి పేరిచ్చాను. ఏం చేయమంటారు?

జవాబు: మానేయనక్కర్లేదు. కానీ ఇప్పుడు పరుగెత్తుతున్న తీరు మార్చుకోవాలి, ముఖ్యంగా దిగే తీరు.

మీరు రాసిన లక్షణాలను బట్టి ఇది మోకాలి చిప్పకు, దాని వెనకున్న తొడ ఎముకకు మధ్య ఒత్తిడి పెరగడం వల్ల వచ్చే నొప్పిలా ఉంది. పరుగెత్తేవాళ్లలో చాలా తరచుగా చూసే సమస్య ఇది. ఎక్కేటప్పుడు గుండె, ఊపిరితిత్తులు కష్టపడతాయి. ఆ కష్టం మీకు ఆయాసంగా తెలుస్తుంది కాబట్టి మీరే వేగం తగ్గిస్తారు. దిగేటప్పుడు ఆయాసం ఉండదు, హాయిగా అనిపిస్తుంది. అసలు భారం పడేది అప్పుడే. ప్రతి అడుగులో ఒళ్లంతా కిందికి జారిపోకుండా తొడ ముందు కండరం బ్రేకులా పట్టి ఉంచాలి. ఒకపక్క సాగుతూనే మరోపక్క బరువును ఆపాలి. రోడ్డు మీద నాలుగేళ్లు పరుగెత్తినా ఈ పని దానికి పెద్దగా అలవాటు కాలేదు. దిగుడు ఎక్కువగా ఉన్న రోజు తర్వాత రెండు, మూడు రోజులు తొడలు కమిలిపోయినట్టు నొప్పిపెడితే కారణం ఇదే. ఆ కండరం అలిసిపోయాక భారం కీలు మీదికి మళ్లుతుంది.

ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. అద్దం ముందు జానెడు ఎత్తున్న మెట్టు మీద ఒంటికాలిపై నిలబడి, రెండో కాలి మడమ నేలను తాకేదాకా మెల్లగా దిగండి. నిలబడ్డ కాలి మోకాలు బొటనవేలి వైపు లోపలికి వంగిపోతోందా? అయితే తుంటి పక్క కండరాలు కూడా బలహీనంగా ఉన్నట్టు. మీకు కావలసిన వ్యాయామం కూడా ఇదే. మోకాలు రెండో వేలికి సూటిగా ఉంచి, మూడు అంకెలు లెక్కపెడుతూ దిగాలి. ఒక్కో కాలికి పదిసార్లు చొప్పున మూడు విడతలు, వారానికి మూడు రోజులు. చేస్తున్నప్పుడు నొప్పి పదికి మూడు లోపుంటే ఫర్వాలేదు. మర్నాటికీ తగ్గకపోతే మెట్టు ఎత్తు తగ్గించండి. పూర్తి ఫలితానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. రెండు వారాలకే ఏమీ మారలేదని వదిలేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

దారిలో దిగేటప్పుడు పెద్ద అంగలు వేయకండి. మడమ ముందుకు చాచి ఆపుకుంటూ దిగితే దెబ్బంతా మోకాలికే. చిన్న చిన్న అడుగులు, చకచకా వేయండి. నిమిషానికి వేసే అడుగుల సంఖ్య 5 నుంచి 10 శాతం పెరిగినా మోకాలిపై భారం తగ్గుతుంది. చూపు కాళ్ల దగ్గర కాకుండా మూడు, నాలుగు మీటర్ల ముందు ఉండాలి. ఆకులు కప్పేసిన చోట, తడి వేర్ల మీద పరుగు ఆపి నడవండి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఇక చీలమండ. మోకాలి కంటే దీని గురించే నాకు ఎక్కువ టెన్షన్. కెనడాలోని ఒట్టావా డాక్టర్లు 1992లో ప్రకటించిన తేలికైన పద్ధతి ఒకటుంది. బెణికాక నాలుగు అడుగులు కూడా వేయలేకపోయినా, చీలమండకు రెండు పక్కలా ఉబ్బెత్తుగా ఉండే ఎముకల కొనల దగ్గరా వెనక అంచునా, లేదా పాదం బయటి అంచున మధ్యలో ఉండే గట్టి బొడిపె దగ్గరా నొక్కితే నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయించాలి. మీకు అలా జరిగి ఉంటే, ఇప్పటికీ ఎముక మీద నొక్కితే నొప్పిగా ఉంటే ముందు ఆ పని చేయండి. అవేవీ లేకపోతే బయటివైపు లిగమెంట్ (ఎముకలను కలిపి పట్టి ఉంచే గట్టి పట్టీ) సాగి ఉంటుంది. పాదం ఎటు వాలుతోందో మెదడుకు చెప్పే నరాల కొసలు కూడా ఆ లిగమెంట్‌లో ఉంటాయి. వాపు తగ్గినా ఆ కబురు సరిగా అందదు. మీకు 'పట్టు లేనట్టు' అనిపించేది అందుకే. ఒకసారి బెణికిన చీలమండ మళ్లీ బెణకడానికి కూడా ఇదే కారణం. రోజూ పళ్లు తోముకునేటప్పుడు ఆ కాలి మీద ఒంటికాలిపై నిలబడండి. నిమిషంపాటు కదలకుండా ఉండగలిగాక, గోడ అందేంత దూరంలో నిలబడి కళ్లు మూసుకుని ప్రయత్నించండి. అప్పుడు పాదం ఎంత వణుకుతుందో మీరే గమనిస్తారు. కొన్ని నెలలపాటు కొండదారిలో చీలమండకు బ్రేస్ (పక్కకు మడత పడకుండా పట్టి ఉంచే తొడుగు) వేసుకోండి.

అరుగుదల భయం గురించి ఇంట్లోవాళ్లకు ఈ మాట చెప్పండి. 2017లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన సమీక్షలో, ఆరోగ్యం కోసం పరుగెత్తేవాళ్లలో 3.5 శాతం మందికి తుంటి, మోకాలి కీళ్ల అరుగుదల కనిపిస్తే, పరుగెత్తనివాళ్లలో అది 10 శాతం దాటింది.

పరుగుకు ముందు నొప్పి మాత్ర వేసుకునే అలవాటు మాత్రం వద్దు. ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్ లాంటివి ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలను దెబ్బతీస్తాయి. మోకాలు వాచినా, మధ్యలో పట్టేసి చాపలేకపోయినా, రాత్రి నిద్రలో నొప్పి లేపినా ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించండి. ఎక్కువ దూరం దిగొచ్చాక మూత్రం డికాషన్ రంగులో వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. కండరం చితికి, ఆ వ్యర్థం కిడ్నీలకు చేరుతోందని దానర్థం కావచ్చు.

పోటీ సంగతి. మొదటి మూడు వారాలు చదునైన నేల మీద పరుగెత్తండి. కొండ ఎక్కవచ్చు, కానీ నడుచుకుంటూ దిగండి. తర్వాత వారానికి ఒక్కరోజు, తక్కువ వాలున్న చోట పది నిమిషాల దిగుడు పరుగుతో మొదలుపెట్టి వారం వారం కొంచెం పెంచండి. ఎనిమిదో వారం చివర ఎత్తుపల్లాల్లో గంటన్నర పరుగెత్తి చూడండి. మర్నాడు పొద్దున రెయిలింగ్ పట్టుకోకుండా మెట్లు దిగగలిగితే పోటీకి వెళ్లండి. లేదంటే నిర్వాహకులను అడిగి తక్కువ దూరానికి మార్పించుకోండి.