చదువు అయ్యాక చూసుకుందాంలే అనుకోకండి

ప్రశ్న: హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. ఇది ఆఖరి సెమిస్టర్. నెల రోజులుగా నిద్ర సరిగా లేదు, మెస్‌కి వెళ్లబుద్ధి కాదు. ప్రాజెక్ట్ రిపోర్ట్ తెరిచి అలాగే కూర్చుండిపోతున్నా. ఉద్యోగం రాకపోతే పెళ్లి చేసేస్తామంటున్నారు నాన్న. కౌన్సెలర్‌ని కలిస్తే డిపార్ట్‌మెంట్లో, ఇంట్లో తెలిసిపోతుందని భయం. ఇంకో రెండు నెలలు ఓర్చుకుంటే సరిపోతుందా?
– ఓ సోదరి, హైదరాబాద్

జవాబు: వద్దమ్మా, ఆగకండి. మీది బద్ధకమో, చేతకానితనమో కాదు. నిద్ర, ఆకలి, ఏకాగ్రత మూడూ రెండు వారాలకు మించి దెబ్బతింటే డాక్టర్‌కి చూపించుకోవాల్సిందే. మీకు నెలైంది. పైగా ఇప్పుడు మీ చేతిలో ఉన్న వెసులుబాటు రెండు నెలల తర్వాత ఉండదు. హాస్టల్ ఖాళీ చేసి ఊరెళ్లాక, డాక్టర్ దగ్గరికి బయల్దేరాలన్నా ఎక్కడికి, ఎందుకు అని ఇంట్లో చెప్పాల్సి వస్తుంది.

మీ భయం నాకు అర్థమైంది. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది. మీరు మేజర్ కాబట్టి అమ్మానాన్నల అనుమతి అక్కర్లేదు. ప్రాణానికి ముప్పుందనిపిస్తే మాత్రం, కాపాడటానికి అవసరమైనంత వరకు ఇతరులకు చెప్పవచ్చు. కాలేజీ కౌన్సెలర్‌ని మొదటి రోజే అడిగేయండి: ‘మీరు రాసుకునేది ఎవరెవరు చూస్తారు?’ జవాబు తృప్తిగా లేకపోతే బయట చూపించుకోండి.

వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థల్లో అర్హత గల కౌన్సెలర్ ఒకరైనా ఉండాలని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. మీ క్యాంపస్‌లో లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల్లో సైకియాట్రీ విభాగాలున్నాయి. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. ఎర్రగడ్డ పేరును ఎగతాళికి వాడటం వింటే నాకు నిజంగా బాధేస్తుంది. ఆ మాటలకు జంకే ఎంతోమంది వైద్యానికి దూరమవుతున్నారు.

గైడ్‌కి అన్నీ చెప్పక్కర్లేదు. ‘ఆరోగ్యం బాగాలేదు సర్, డాక్టర్‌కి చూపించుకుంటున్నా, రిపోర్ట్‌కి కాస్త గడువు కావాలి’ అంటే చాలు. అమ్మకి మాత్రం నిద్ర పట్టని సంగతి చెప్పండి. రోజూ ఫోన్లో ‘తిన్నావా’ అంటే ‘ఆ, తిన్నా’ అని దాటేస్తుంటే ఆవిడకి ఎలా తెలుస్తుంది? పెళ్లి గురించి నాన్నతో ఇప్పుడే వాదనకు దిగొద్దు. కాస్త కుదుటపడ్డాక, అమ్మని పక్కన పెట్టుకుని మాట్లాడండి.

మీరు రాయలేదు కానీ అడగకుండా ఉండలేను. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా? వస్తే తెల్లారేదాకా ఆగొద్దు. రూమ్మేట్‌ని లేపండి, ఒంటరిగా ఉండొద్దు, 14416కి చేయండి. ప్రమాదం అనిపిస్తే 112కి చేయండి.

డాక్టర్ మందులు రాస్తే గుణం కనిపించడానికి కొన్ని వారాలు పట్టొచ్చు, మధ్యలో మీ అంతట మీరు మానేయొద్దు. ఊరెళ్లేటప్పుడు ప్రిస్క్రిప్షన్ వెంట తీసుకెళ్లండి, తర్వాత ఎవరికి చూపించుకోవాలో ఇక్కడి డాక్టర్‌నే అడిగి రాయించుకోండి.