మురుగుకాలువకు ఎంపీ దాకా ఎందుకు?

ప్రశ్న: మా వీధిలో మురుగుకాలువ పూడిపోయింది. ఊరి నుంచి మండల కేంద్రానికి వెళ్లే రోడ్డంతా గుంతలే. సర్పంచ్‌ను అడిగితే ఎంపీటీసీని, ఆయన్ని అడిగితే ఎమ్మెల్యేను కలవమంటున్నారు. అసలు బాధ్యత ఎవరిది?

జవాబు: కాలువది ఒక దారి, రోడ్డుది ఇంకో దారి. రెండూ ఒకే అర్జీలో రాస్తే ఆ కాగితం ఎటూ కదలదు.

కాలువ పూడిక, చెత్త, వీధిదీపాలు, ఊరి లోపలి రోడ్లు గ్రామ పంచాయతీవి. వీటికి సర్పంచే జవాబుదారీ. అర్జీ మాత్రం పంచాయతీ కార్యదర్శికి ఇచ్చి, మీ దగ్గరుండే నకలు మీద తేదీ, సంతకం, ముద్ర వేయించుకోండి. పూడికతీత రోజువారీ పారిశుద్ధ్యం పని, దానికి గ్రామసభ దాకా ఆగక్కర్లేదు. కొత్తగా సిమెంటు కాలువ కావాలంటే మాత్రం గ్రామసభ తీర్మానం, ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) అంచనా, మంజూరు అన్నీ వరుసగా జరగాలి. పనయ్యాక ఎం.బుక్‌లో (పని కొలతలు రాసే పుస్తకం) కొలతలు ఎక్కితేనే బిల్లు. చాలా ఊళ్లలో మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది: సభలో గట్టిగా అడిగి వచ్చేస్తారు, మినిట్స్ పుస్తకంలో మాత్రం ఒక్క ముక్కా ఉండదు. సభ ముగిసేలోపే రాయించి, చదివించుకుని రండి.

‘నిధుల్లేవు’ అంటే అక్కడితో వదలకండి. కేంద్రం పంచాయతీలకిచ్చే 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 2021-22 నుంచి 2025-26 వరకు 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చు చేయాలని షరతు పెట్టారు. పంచాయతీకి ఎంత వచ్చింది, దేనికి పోయింది అన్నది ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో ఎవరైనా చూడొచ్చు.

ఇక రోడ్డు. అది పంచాయతీరాజ్ ఇంజినీరింగ్‌దా, ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ)దా అన్నది ముందు తేల్చుకోండి. రెండూ రాష్ట్ర శాఖలే కాబట్టి ఎమ్మెల్యేను అడగడం సరైనదే. జాతీయ రహదారైతే ఎంపీ. ఎంపీటీసీకి చెక్కు మీద సంతకం ఉండదు, విడిగా నిధీ ఉండదు. ఆయన బలమంతా అధికారులు ఎదురుగా కూర్చునే మండల పరిషత్ సర్వసభ్య సమావేశంలోనే. మీ రోడ్డు సంగతి అక్కడ లేవనెత్తమనండి. (సర్పంచ్ ఎన్నికకు పార్టీ గుర్తుండదు, ఎంపీటీసీ ఎన్నికకు ఉంటుంది. ఒకరి మీద ఒకరు నెట్టుకోవడంలో పార్టీ పంతం పాలూ కొంత ఉంటుంది.)

ప్రశ్న: ఎంపీకి ఏటా 5 కోట్లు వస్తాయి కదా, మా ప్రభుత్వ బడికి ప్రహరీ కట్టించమంటే కలెక్టర్ పేరు చెబుతున్నారు. తప్పించుకోవడమేనా?

జవాబు: కాకపోవచ్చు. ఆ డబ్బు ఎంపీ చేతికి రాదు. ఆయనది సిఫారసు, మంజూరు జిల్లా యంత్రాంగానిది. కాబట్టి ఆయన మాట కాదు, సిఫారసు లేఖ నకలు అడగండి. లేఖ వెళ్లినా పని ఆగితే బడి స్థలం కాగితాలు సరిగ్గా ఉన్నాయేమో చూడండి, తరచూ చిక్కు అక్కడే. లోక్‌సభ సభ్యుడి కోటా అయిపోయిందంటే రాజ్యసభ సభ్యుల్ని అడగొచ్చు. వాళ్లు రాష్ట్రంలో ఎక్కడైనా సిఫారసు చేయొచ్చు. ఆంధ్రప్రదేశ్‌కు 11 మంది, తెలంగాణకు ఏడుగురు ఉన్నారు, వాళ్ల దగ్గరికి వెళ్లేవాళ్లే తక్కువ.

ప్రశ్న: గ్రామసభ తీర్మానం నకలు ఇవ్వడం లేదు. ఏం చేయాలి?

జవాబు: సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. నకలుకు పేజీకి 2 రూపాయలు. గడువు 30 రోజులు, దాటితే పై అధికారికి మొదటి అప్పీలు. ‘కాలువ ఎందుకు కట్టలేదు?’ అని రాస్తే అది సంజాయిషీ అడగడమే తప్ప సమాచారం కాదంటూ తిప్పి పంపుతారు. ‘ఫలానా తేదీ గ్రామసభ మినిట్స్, హాజరు సంతకాల పేజీల నకళ్లు’ అని రాయండి.