ఆ వరస ఎవరిదో రాయి తమ్ముడూ

తమ్ముడూ సతీష్,

యూదుల సంగీతం మీద నువ్వు రాసిన వ్యాసం అందింది, రిప్లై లేటయింది, ఏమనుకోకు. యెమెన్ యూదుల పెళ్ళిలో ఆడవాళ్ళు రాగి పళ్ళెం మీదా ఖాళీ డబ్బా మీదా తాళం వేస్తూ అరబిక్‌లో పాడతారని రాసిన పేరా బాగుంది, దాన్ని ముట్టుకోకు. కానీ మొదటి పేజీలోనే "రెండు వేల ఏళ్ళుగా చెక్కుచెదరని కన్నీటి సంగీతం" అన్నావు చూడు, అక్కడ నాకు ఒళ్ళు మండింది. ఈ ఉత్తరం రాస్తోంది ఆ ఒక్క ముక్క కోసమే.

ముందు కన్నీళ్ళ సంగతి. ఫిడేలు ఏడుస్తోంది, ఫిడేలు ఏడుస్తోంది అని పేజీ పేజీకీ రాశావు గానీ, ఎక్కడ ఏడుస్తోంది, ఎవరి కోసం ఏడుస్తోంది అన్నది ఎక్కడా లేదు. ఉక్రెయిన్, పోలండ్ వైపు యూదుల పెళ్ళిళ్ళలో పెళ్ళికూతుర్ని కుర్చీలో కూర్చోబెట్టేవాళ్ళు, బద్ఖన్ అనే అతను ఎదురుగా నిలబడి అక్కడికక్కడే ప్రాసలు కట్టి, అమ్మాయి చిన్నతనం అయిపోయిందనీ, రేపటి నుంచి బరువు మొయ్యాలనీ పాడేవాడు, ఫిడేలు అతని గొంతు వెనకాలే పోయేది, చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా ఏడ్చేవాళ్ళు. ఏడిపించడం ఆ మేళం పని, దానికి డబ్బులిచ్చేవాళ్ళు. పందిట్లో పెళ్ళయిన మరుక్షణం అదే మేళం డాన్సు పాటలు ఎత్తుకుంటే తెల్లారేదాకా గంతులే. నువ్వు మొదటి సగం రాసి రెండో సగం వదిలేశావు.

ఇంకోటి చెప్తా. సిరియాలోని అలెప్పో నుంచి వచ్చిన యూదులు ప్రతి శనివారం ప్రార్థనకి ఒక మకామ్ ఎంచుకుంటారు, మకామ్ అంటే అరబ్బుల రాగ పద్ధతి, ఆ వారం చదివే తోరా (యూదుల ధర్మగ్రంథం) భాగాన్ని బట్టి అది మారుతుంది. సబా అనే మకామ్ వింటే అరబ్బులకి దుఃఖం. అలెప్పో యూదులకి అది మగబిడ్డ సున్తీ వేడుక మకామ్, అంటే సంబరం. దీన్ని విని "కన్నీటి సంగీతం" అని ఎట్లా రాస్తాం?

ఇక చెక్కుచెదరనిది అన్నమాట. చెదరనిది మాట తమ్ముడూ, ట్యూన్ కాదు. తోరా చదవడానికి అక్షరాల పైనా కిందా గుర్తులుంటాయి, వెయ్యేళ్ళ కిందట టైబీరియాస్ అనే ఊళ్ళో పండితులు స్థిరం చేసినవే అందరికీ, కానీ యెమెన్‌లోని సనాలో చదివినవాడి రాగం వేరు, లిథువేనియాలోని విల్నాలో చదివినవాడి రాగం వేరు. 16వ శతాబ్దంలో ఇజ్రాయెల్ నజారా అని ఒక కవి, డమాస్కస్‌లో బతికి గాజాలో రబ్బీగా, అంటే యూదుల మతగురువుగా, పోయాడు. చుట్టుపక్కల పాడే టర్కీ, అరబ్బు, స్పానిష్ పాటల ట్యూన్లలో హీబ్రూ కీర్తనలు కట్టాడు. 1587లో సఫెద్ అనే ఊళ్ళో అచ్చయిన ఆయన పుస్తకంలో పాట పైన ఆ అసలు పాట మొదటి మాటలు వేశారు. మన భజన పుస్తకాల్లో "వరస: ఫలానా పాట" అని వేస్తారే, అచ్చం అలాగే. ఆయన దాచలేదు, నువ్వెందుకు దాస్తావు?

లాడినో (స్పెయిన్ యూదుల స్పానిష్) పాటలన్నీ 1492లో యూదుల్ని స్పెయిన్ నుంచి గెంటేసినప్పుడు మూటగట్టుకొచ్చినవే అని రాశావు, అది కొట్టెయ్. కొన్ని పాత కథాగేయాలు ఉన్నాయి నిజమే, కానీ ఇప్పుడు అందరూ పాడేవాటిలో చాలావాటికి వయసు నూటయాభై ఏళ్ళు కూడా ఉండదు, టర్కీ, గ్రీకు ట్యూన్లు బోలెడు. గ్రీసులోని సెలోనికాలో 1920లు, 30లలో టాంగో ట్యూన్లకి లాడినో పాటలు కట్టి పాడుకున్నారు. ఆ ఊరి యూదుల్ని 1943లో దాదాపు అందర్నీ హిట్లర్ మనుషులు ఆష్విట్జ్ చావు క్యాంపుకి రైళ్ళెక్కించారు. అది రాయి, తప్పకుండా రాయి. కానీ చచ్చేముందు వాళ్ళు దేనికి నవ్వారో, ఏ పాటకి డాన్సు చేశారో రాయకుండా చావొక్కటే రాస్తే వాళ్ళకి అన్యాయం చేసినట్టే.

ఇదంతా నాకెందుకు ఇంత పట్టింపు అంటే, మా రాజంపేట వైపు ఎవర్ని కదిపినా కువైట్‌లో ఒక మనిషి ఉంటాడు, మా మేనమామ అక్కడ డ్రైవర్‌గా చేసి సెలవుకొచ్చినప్పుడల్లా అరబిక్ క్యాసెట్లు తెచ్చేవాడు, భాష తెలీకపోయినా అరిగిపోయేదాకా విన్నా. ఏళ్ళ తర్వాత చదివితే తెలిసింది, బాగ్దాద్ పాటల్లో ఎన్నో కట్టింది సాలేహ్, దావూద్ అల్ కువైతీ అనే అన్నదమ్ములని, కువైట్‌లో పుట్టిన యూదులని, బాగ్దాద్ రేడియోకి పనిచేసి, 1950-51లో లక్ష మందికి పైగా యూదులు ఇరాక్ వదిలినప్పుడు వాళ్ళూ వెళ్ళిపోయారని. టెల్ అవీవ్‌లో కొట్టు పెట్టుకుని బతికారు. ఇరాక్ రేడియోలో పాటలు మోగుతూనే ఉన్నాయి, పేర్లు మాత్రం తీసేశారు. 1932లో కైరోలో అరబ్ సంగీత మహాసభకి ఇరాక్ పంపిన మేళంలో కూడా పాడింది ముస్లిం అయితే వెనక వాయించింది దాదాపు అందరూ యూదులే.

నేనది రాసి ఒక వారపత్రికకి పంపితే ఎడిటర్ గారు బాగ్దాద్ భాగం మొత్తం తీసేసి, అరబ్బూ యూదూ ఒకే వాక్యంలో వస్తే పాఠకుడు తికమకపడతాడమ్మా, హిట్లర్ క్యాంపుల మీద రెండు పేరాలు కలపండి, గుండె పిండాలి అన్నారు. వెనక్కి తీసుకున్నా. ఆ తర్వాత వాళ్ళు నా కథ కూడా ఒక్కటీ వెయ్యలేదు. ఇవాళ ఆ గుండె పిండే పని వీడియోలు చేస్తున్నాయి, ఏ ఊరిదో ఎవరిదో చెప్పకుండా "హీలింగ్ మ్యూజిక్" అని పెట్టేస్తారు. నీ వాక్యం అక్కడి నుంచే వచ్చిందని నా అనుమానం.

మన దేశం సంగతి ఒక్క లైన్‌లో తేల్చేశావు. కొచ్చిన్ యూదుల ఆడవాళ్ళు మలయాళం పాటలు నోటుబుక్కుల్లో చేత్తో రాసుకుని దాచుకున్నారు, బొంబాయి వైపు బెనే ఇజ్రాయెల్ అనే యూదులు 19వ శతాబ్దంలో హరిదాసుల పద్ధతి తీసుకుని బైబిల్ కథలు మరాఠీ కీర్తనగా చెప్పారు. ఈ రెండూ పెంచు. పుస్తకం ఎవరు వేస్తారు, ఎంతవుతుంది అన్నావు, అది తర్వాత మాట్లాడదాం.

పైగా నీది తెనాలి. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే, యూదులమని చెప్పుకునే బెనే ఎఫ్రాయిము వాళ్ళున్నారు, 1991 నుంచి సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) నడుపుకుంటున్నారు, నీ వ్యాసంలో వాళ్ళ పేరే లేదు. బస్సెక్కి వెళ్ళు. ఏం పాడతారో, ఏ ట్యూన్‌లో పాడతారో, ఆ ట్యూన్ ఎవరి దగ్గర నేర్చుకున్నారో పెద్దవాళ్ళని అడిగి రాసుకో. శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం పొద్దుగూకేదాకా రికార్డింగ్ పెట్టకు, సబ్బాతు, అంటే వారపు విశ్రాంతి దినం, పాటించేవాళ్ళ దగ్గర అది తప్పు. వినడానికి శుక్రవారం వెళ్ళు, రికార్డు చేసుకోవడానికి ఆదివారం మళ్ళీ వెళ్ళు, అది కూడా వాళ్ళు ఒప్పుకుంటేనే.

ఉంటా,
మీ అక్క