అన్‌ఇన్‌స్టాల్ చేసినా లాప్‌టాప్ కీబోర్డు మళ్ళీ ఎందుకు పనిచేస్తుంది?

పాడైన లోపలి కీబోర్డును ఆపాలని డివైజ్ మేనేజర్‌లో (విండోస్‌లో పరికరాల జాబితా చూపే చోట) అన్‌ఇన్‌స్టాల్ చేసినప్పుడు పోయేది విండోస్‌లో ఆ పరికరపు నమోదు మాత్రమే కనుక, రీస్టార్ట్ చేయగానే లోపలి కీబోర్డు తిరిగి పనిచేస్తుంది. విండోస్ మొదలయ్యేటప్పుడు మదర్‌బోర్డుకు తగిలించి ఉన్న పరికరాలను వెతికి, తన దగ్గరున్న డ్రైవరును (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌ను) వాటికి మళ్ళీ జతచేస్తుంది. డిసేబుల్ చేసే వీలుంటే ఈ చిక్కు రాదు గానీ, చాలా లాప్‌టాప్‌లలో కీబోర్డుకు ఆ ఎంపిక కనిపించదు.

ఉదాహరణకు, విజయనగరంలోని ఒక జిరాక్స్ దుకాణంలో టీ ఒలికి, ఎంటర్ మీట దానంతటదే నొక్కుకుపోతూ, సగం నింపిన దరఖాస్తు సబ్మిట్ అయిపోతోందనుకుందాం. అన్‌ఇన్‌స్టాల్ చేస్తే అప్పటికి గడుస్తుంది. రీస్టార్ట్ తర్వాత మళ్ళీ అదే తంతు. కీబోర్డును మదర్‌బోర్డుకు కలిపే లోపలి రిబ్బన్ కేబుల్ విప్పించడమే నికరమైన మార్గం, అయితే పవర్ బటన్ కీబోర్డులోనే ఉన్న మోడళ్ళలో అలా చేస్తే లాప్‌టాప్ ఆన్ కాదు.

యూఎస్‌బీ కీబోర్డు తగిలిస్తే లోపలిది ఆగిపోతుందనుకోవడం పొరపాటు. రెండూ ఒకేసారి పనిచేస్తాయి.